డెల్బర్ట్ కోసం ఒక్క పేలుడు

ఆ ఉదయం ఓరిన్ పెట్టుకున్న పని చాలా చిన్నది. రివాల్వర్ కడగాలి, ఆరబెట్టాలి, మందు కూరాలి, శ్మశానంలో ఆకాశంలోకి ఒక్కసారి పేల్చాలి. పేలగానే పాస్టర్ "ఆమెన్" అంటాడు, స్నేహితుడు డెల్బర్ట్ శవపెట్టె గోతిలోకి దిగుతుంది. ఇందులో పొరపాటుకి చోటెక్కడుందని ఎవరైనా అనుకుంటారు. ఓరిన్‌ని ఎరిగినవాళ్లు మాత్రం అనుకోరు.

రివాల్వర్ డెల్బర్ట్‌దే. తూటాలు రాకముందు కాలపు రకం. గుండ్రంగా తిరిగే అరల్లో మందు పోసి, ఒక్కోదాని వెనకాల ఉక్కు ముక్కు మీద చిన్న రాగి టోపీ తొడగాలి. సుత్తి పడితే టోపీ చిట్లి నిప్పు లోపలికి పోతుంది. మిస్సోరీ కొండల్లో ఇలాంటి పాత తుపాకులు పేల్చే సరదా ఉన్నవాళ్లందరిలోనూ ఓరిన్‌కి ఒక ప్రత్యేకత ఉంది. పోటీల్లో అతని తుపాకీ పేలదు. అందుకే ఆస్పత్రి మంచం మీద డెల్బర్ట్ తన రివాల్వర్‌ని అతని చేతిలో పెట్టి, "ఒరేయ్, నా గోతి దగ్గరైనా ఒక్కసారి పేల్చి చూపించు. తుస్సుమందో, పెట్టెలోంచి లేచొచ్చి మరీ తంతా," అన్నాడు. డెల్బర్ట్ మాటంటే మాటే. రోడ్లన్నీ మంచులో మునిగిన రోజున కూడా, వస్తానన్నాడు గనక నడిచొచ్చి ఓరిన్ తుపాకీ బాగుచేసి వెళ్లాడు.

లోపల నూనె తడి ఉంటే మందు అంటుకోదు. ఓరిన్ పిడి చెక్కలు విప్పి, తుపాకీని వంటింటి సింకులో వేడి సబ్బునీళ్లతో కడిగి, ఆరడానికి సన్నటి సెగ మీద ఓవెన్‌లో పెట్టాడు. అక్కడి మగాళ్లంతా చేసే పనే. కాకపోతే పెళ్లాలకి చెప్పి చేస్తారు. ఓరిన్ ఆ సంగతి మరిచి, బూట్లు తుడుచుకుంటూ డెల్బర్ట్ గుర్తొచ్చి పెరటి మెట్ల మీద కూర్చుని ఏడ్చాడు.

ఈలోగా అతని భార్య నెడ్రా, చర్చిలో భోజనాలకి మొక్కజొన్న రొట్టె చేద్దామని, ఓవెన్ తలుపు తియ్యకుండానే సెగ బాగా పెంచేసింది.

"ఓరిన్! నా ఓవెన్‌లో ఇదేంటయ్యా?"

"డెల్బర్ట్‌ది."

"బతికున్నన్నాళ్లూ నా వంటింట్లోనే తిన్నాడు. పోయాక కూడా వదిలిపెట్టడా?" అంది నెడ్రా. ఆ మాట తనకే గుచ్చుకుని కళ్లు తుడుచుకుంది.

రివాల్వర్ చల్లారేసరికి చర్చి గంట కొట్టేశారు. శ్మశానం గేటు బయట, కారులో కూర్చునే మందు నింపాల్సి వచ్చింది. వట్టి పేలుడుకి మందు మీద గుండు బదులు మొక్కజొన్న పిండి కూరతారు. ఆ పిండంతా రొట్టెలోకి పోయింది. ఇంట్లో మిగిలింది పంచదార కలిపి అమ్మే రొట్టె పిండే. ఓరిన్ అదే కూరాడు. టోపీలు సరిగ్గా దిగడం లేదని తోచినా, వేలితో ఒక నొక్కు నొక్కి పరుగెత్తాడు.

గోతి దగ్గర అందరూ తలలు వంచారు. ఓరిన్ చెయ్యెత్తాడు.

టక్.

పాస్టర్ నోరు తెరిచి, మళ్లీ మూసుకున్నాడు. రెండో అరా టక్‌మంది. మూడోదీ అంతే. అరలన్నీ ఒక చుట్టు తిరిగొచ్చాయి.

"ఆమెన్ అనెయ్యనా?" అని గొణిగాడు పాస్టర్.

"పేలలేదుగా!"

"మరి పెట్టె?"

"ఉండనివ్వండి. కాసేపు పైనే ఉండనివ్వండి," అన్నాడు ఓరిన్. ఇది పేలిందంటే డెల్బర్ట్ కిందికి వెళ్లిపోతాడు. పైగా టక్‌మన్న ప్రతిసారీ, సిగ్గులేకుండా, అతని చూపు పెట్టె మూత మీదికే పోయింది.

డెల్బర్ట్ భార్య లావెర్న్ లేచొచ్చి తుపాకీ వెనక్కి వంగి చూసింది.

"మందూ టోపీలూ లేకుండా ఖాళీ తుపాకీ సుత్తిని ఊరికే కొట్టించావు కదూ? ముక్కులన్నీ చదునైపోయాయి. ఇంక టోపీలెలా దిగుతాయి?"

"సాయంత్రాలు... వాడలాగే కూర్చుని ఆడించేవాడుగా. ఆ చప్పుడు వింటుంటే పక్కనే ఉన్నట్టుండేది, లావెర్న్."

"ఆయన సుత్తి కింద తోలుముక్క అడ్డం పెట్టేవాడు, పిచ్చివాడా. నువ్వు విన్నది సుత్తిని వెనక్కి లాగిన చప్పుడు." ఆవిడ అతని చేతిని మళ్లీ ఆకాశంలోకి ఎత్తింది. "మొదటి దెబ్బకి టోపీ దిగుంటుంది. రెండో దెబ్బకి పేలుతుంది. ఇంకో చుట్టు తిప్పు. పంపించెయ్ ఆయన్ని."

ఓరిన్ కళ్లు మూసుకుని నొక్కాడు. కొండలు దద్దరిల్లాయి. తెల్లటి పొగలోంచి మాడిన రొట్టె పిండి రాలి పాస్టర్ నల్లకోటు మీద పడింది. గోతి చుట్టూ తియ్యరొట్టె మాడిన వాసన. లావెర్న్ పకపకా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే నెడ్రా భుజం మీద పడి భోరుమంది. పాస్టర్ కోటు దులుపుకుని ఆమెన్ అన్నాడు. పెట్టె దిగడం మొదలైంది.

మూత కనబడినంతసేపూ ఓరిన్ కదల్లేదు. తుపాకీ అన్నిసార్లు తుస్సుమన్నా డెల్బర్ట్ లేచి రాలేదు. అతను మాట తప్పడం అదే మొదటిసారి.