వణికే కారు, వరదమ్మ మొక్కు

"ఈ పొద్దు కూడా ఆ బండి వణికిందంటే, వచ్చినాయన వచ్చిన దోవనే పోతాడు. మీరేమో పేపరు సూస్తా కూసోనుండారు!"

వరదమ్మ ఈ మాట అనేటప్పటికి కారును ఇంకా ఎవరూ స్టార్ట్ చేయలేదు. చూడటానికి వచ్చేవాడు ఇంకా బస్సే దిగలేదు. అరుగు మీద కూర్చున్న భర్త మునిరామయ్య పేజీ తిప్పాడు. ఆయన నోరు విప్పితే ఆ ఇంట్లో పండగ కింద లెక్క.

కొడుకు ధనశేఖర్ ఆ పాత తెల్లకారులో రోజూ తిరుచానూరు నుంచి చిత్తూరుకు ఉద్యోగానికి పోయి వస్తాడు. వాడు గేటు దాటింది మొదలు మళ్ళీ హారన్ వినబడేదాకా వరదమ్మ కళ్ళ ముందు లారీలే. ఫోన్ ఎత్తకపోతే ఏమైందోనని దడ. ఎత్తితే, నడుపుతూ ఎత్తాడేమోనని దడ. కొండకు బస్సులో పోయినా ఘాట్ రోడ్డు మలుపులన్నీ కళ్ళు మూసుకునే దాటే మనిషి ఆమె. అందుకే కొన్నాళ్ళ కిందట "ఈ బండి మా ఇంటి నుంచి పోతే అలిపిరి నుంచి నడిచి కొండెక్కుతా స్వామీ" అని మొక్కుకుంది. పసుపు గుడ్డలో రూపాయి బిళ్ళ మూటగట్టి, ఆ ముడుపును కారులోనే, ఎవరి కంటా పడని చోట కట్టింది. ప్రతి శనివారం పసుపుదారం ఇంకో చుట్టు బిగించింది.

స్వామి వెంటనే విన్నాడు. కారుకు వణుకు పట్టుకుంది. పొద్దున్నే స్టార్ట్ చేస్తే చలిజ్వరం వచ్చిన మనిషిలా ఊగేది, కాస్త వేడెక్కితే సర్దుకునేది. ధనశేఖర్ ప్లగ్గులు మార్పించాడు, బ్యాటరీ మార్పించాడు, పెట్రోలు పోయించుకునే బంకు కూడా మార్చాడు. చివరికి విసిగిపోయి అమ్మేస్తానన్నాడు. ఆ సాయంత్రం వరదమ్మ పటం ముందు కర్పూరం రెండింతలు వెలిగించింది.

పాకాల నుంచి రఘునాథ్ అనే ఆయన కొంటానన్నాడు. ఒకటే షరతు పెట్టాడు: "నేనొచ్చేదాకా స్టార్ట్ చెయ్యొద్దు. చల్లటి ఇంజను ఎట్లా పలుకుతాదో నా చెవుల్తో వినాల."

చల్లగా ఉంటేనే కదా అది వణికేది? వరదమ్మ చీకటితోనే లేచి, బానెట్ మీద రగ్గు కప్పి, దాని మీద వేణ్ణీళ్ళ బిందె పెట్టింది. స్టార్ట్ చెయ్యొద్దన్నాడే గానీ, కాపడం పెట్టొద్దనలేదు. మనిషి వీధి మొగలో కనబడగానే రెండూ తీసేసింది.

రఘునాథ్ వచ్చీ రాగానే బానెట్ మీద అరచెయ్యి ఆనించాడు.

"ఏం తమ్ముడూ, వెచ్చగా ఉండాదే! ముందే స్టార్ట్ చేసి ఆపినావా?"

"లేదన్నా, తాళం ముట్టుకుంటే ఒట్టు!" అన్నాడు ధనశేఖర్.

"నిజమేనప్పా," అంది వరదమ్మ గుమ్మంలోంచి. "బిందెడు నీళ్ళు పెట్టినాం, అంతే."

"బిందెడా! రోజూ బిందెడు నీళ్ళు తాగతాదా ఈ బండి?"

"అయ్యో, తాగదప్పా! మంచి బండి. యాడా గుద్దుకోలేదు, దొర్లలేదు. దీంట్లో ఎవురూ సచ్చిపోలేదు కూడా!"

"సచ్చిపోయినోళ్ళ గురించి నేనడిగినానా అక్కా?" అంటూ రఘునాథ్ రెండడుగులు వెనక్కి వేశాడు.

"అమ్మా, నువ్వు లోపలికి పో," అని పళ్ళు కొరుకుతూ ధనశేఖర్ తాళం తిప్పాడు.

కారు కాపడాన్ని లెక్కచేయలేదు. డాష్‌బోర్డు మీది వినాయకుడు నిలువునా ఊగిపోయాడు. రఘునాథ్ ఇంజను ఆపించి, బానెట్ ఎత్తి, లోపలికి తల దూర్చి ఇంజను వెనకదాకా చూశాడు. చూసి, చెప్పులు విడిచి చేతులు జోడించాడు.

"గోవిందా! ఈడ స్వామి ముడుపు ఉండాదే!"

మెకానిక్కుల కంటబడని ఇంజను వెనక సందులో సన్నటి రబ్బరు పైపుకు పసుపు మూట వేలాడుతోంది. దారం బిగుసుకుని పైపును పక్కకు లాగేసింది.

"సూడు తమ్ముడూ, పైపు మొదలు సగం ఊడొచ్చేసింది. గాలి పోకూడని కాడ గాలి పోతాంటే వణక్కుండా ఏం జేస్తాది? వేడెక్కితే రబ్బరు మెత్తబడి మూసుకుంటాది."

"ఆ మూట తీసెయ్యన్నా."

"నేనా? చీకట్లో బస్సెక్కినా, తలకు పోసుకోలేదు. స్వామి సొత్తు ముట్టుకుంటానా? నువ్వే తియ్యి."

"నేనిప్పుడే ఆమ్లెట్టు తినుండాను."

"అట్లయితే కట్టినోళ్ళే ఇప్పాల. ఎవురు కట్టినారు?"

మునిరామయ్య పేపరు దించి, భార్యను చూసి, మళ్ళీ ఎత్తుకున్నాడు.

వరదమ్మ కాళ్ళు కడుక్కుని వచ్చింది. శనివారం శనివారం తానే బిగించిన ముళ్ళు. గోళ్ళు నొప్పి పుట్టాయి. మూట ఊడింది. ధనశేఖర్ పైపును లోపలికి నొక్కి తాళం తిప్పాడు. వినాయకుడు కదలలేదు.

"తీసుకుంటా తమ్ముడూ!" అన్నాడు రఘునాథ్. వరదమ్మ మనసులోనే గోవింద కొట్టింది.

"యాడన్నా! వణుకుతాందని గదా అమ్మాలనుకుంటి. ఇప్పుడు ఇంకా పదేండ్లు తిరుగుతాది," అన్నాడు ధనశేఖర్.

రఘునాథ్ కాఫీ తాగి బస్టాండు దారి పట్టాడు. ధనశేఖర్ తల్లి వైపు తిరిగాడు.

"అమ్మా, ఏమని మొక్కినావు?"

"బండి ఇంట్లోనించి పోతే నడిచి కొండెక్కుతానని," అంది వరదమ్మ, మూటను గుప్పిట్లో దాచుకుంటూ. కొడుకు మొహం చూడలేక మొగుడి మీదికి తిరిగింది. "మొక్కు తీరకుండానే ముడుపు ఇప్పేస్తిని. స్వామికి కోపమొస్తే ఏం గతి? ఇప్పుడేం జేసేది? మీరన్నా పలకండి!"

మునిరామయ్య ఆ పేజీ చివరిదాకా చదివాడు. పేపరు మడిచాడు. అద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"బండి పోలేదు గదా, నడిచే పనీ లేదు. శనివారం కార్లోనే పోదాం కొండకు."