వేడెక్కినట్టు ధ్రువీకరణ

ఈ లోకంలో ఏ వస్తువైనా తనకు బుద్ధిపుట్టినప్పుడు వేడెక్కవచ్చు. అయితే అది వేడెక్కిందని ప్రకటించే హక్కు మాత్రం దానికి లేదు. ఆ హక్కు సర్వీసు సెంటర్‌లో, మూడో కౌంటర్ వెనక, ఫ్యాను కింద కూర్చునే ఉష్ణ నిర్ధారణాధికారి ఒక్కరిదే.

ఈ సంగతి టైలర్‌కి తెలియదు. ఎనిమిదో తరగతిలోనే బడి మానేసి మిషను ముందు కూర్చున్నవాడికి ఇంత లోతైన విషయాలు తెలిసే అవకాశమూ లేదు. అతనికి తెలిసిందల్లా కొలతలు, కుట్లు, ఇంకా బావమరిది దగ్గర అడిగి తెచ్చిన కారు సాయంత్రం ఐదింటికల్లా తిరిగి ఆ ఇంటిముందు ఉండాలన్న మాట. ఆరింటికి అత్తగారు కంటి డాక్టరు దగ్గర ఉండాలి. మూడు నెలల కిందట దొరికిన అపాయింట్‌మెంటు అది. తప్పిపోతే మళ్ళీ మూడు నెలలు. (ఈలోపు ఆవిడ అల్లుణ్ణి చూసి ఎవరో అనుకునే ప్రమాదముంది. అల్లుడికి అది అంత పెద్ద ప్రమాదంగా తోచలేదు గానీ, భార్యకు తోచింది.)

కుట్టిన యూనిఫారాల మూటలు స్కూల్లో దించి తిరిగొస్తుంటే కారులో ఇంజన్ వేడి చూపే ముల్లు ఎరుపులోకి ఎగబాకింది. బానెట్ సందుల్లోంచి ఆవిరి బుసకొట్టింది. ఎదురుగానే సర్వీసు సెంటర్ బోర్డు కనపడేసరికి టైలర్ తన అదృష్టానికి పొంగిపోయాడు. మనిషి చెడిపోయేది సరిగ్గా ఇలాంటి క్షణాల్లోనే.

గేటు దగ్గర వాచ్‌మన్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"వేడి బండి లోపలికి రాకూడదన్నా. నాలుగో రూలు. మంట లేస్తే ఎవడిది పూచీ?"

"వేడెక్కిందనే కదయ్యా తెచ్చింది!"

"అందుకే చెప్తున్నా. చల్లార్చి తీసుకురా."

టైలర్ గంటసేపు రోడ్డు పక్కన నిలబడి, జ్వరమొచ్చిన పిల్లకు విసిరినట్టు టేపు చుట్టిన అట్టముక్కతో బానెట్‌కి విసిరాడు. చల్లారిన కారు సగౌరవంగా లోపలికి ప్రవేశించింది. ఫోన్‌లో ఎక్కించుకోమన్న సెంటర్ వాళ్ళ యాప్ ఫిర్యాదు నమోదు చేసుకుని, వేడికి కారణం ఎంచుకోమంది: ఎండ, వయసు, యజమాని స్వభావం. తన కారు కాదు కాబట్టి టైలర్ మొహమాటం లేకుండా మూడోది నొక్కాడు.

ఉష్ణ నిర్ధారణాధికారి కళ్ళజోడు పైకి తోసుకుని ముల్లు వంక చూశారు. అది అడుగున ముడుచుకుని పడుకుంది.

"చల్లగానే ఉందిగా?"

"మీ వాచ్‌మనే చల్లార్చి తెమ్మన్నాడు సార్."

"అది నాలుగో రూలు. నాది ఏడో రూలు. ముల్లు నా కళ్ళెదుట ఎరుపులో నిలబడాలి. మీరు చెప్పింది విని రాసుకోడానికి నేనేమన్నా కథలు రాసేవాణ్ణా? వెనక్కి వెళ్ళి వేడెక్కించి పట్రండి."

"మరి లోపల వేడెక్కితే మంట లేవదా సార్?"

"బయట వేడెక్కితే ప్రమాదం. లోపల వేడెక్కితే పరీక్ష." ఆయన ఓపికగా చెప్పారు. చదువుకున్నవాళ్ళకి ఉండే ఓపిక అది.

వెనకాల తెల్లగీతలు గీసి 'వేడెక్కించు స్థలము' అని రాసి ఉంది. టైలర్ అక్కడ ఇంజన్ రెచ్చగొట్టి, ముల్లు ఎరుపు తాకగానే బండిని పరుగున తెచ్చి క్యూలో పెట్టాడు. క్యూలో ఇంజన్లు ఆపాలి (పొగ నివారణ, పదకొండో రూలు). ముందు ఆరు కార్లున్నాయి. తన వంతు వచ్చేసరికి ముల్లు మళ్ళీ పడుకుంది. రెండోసారీ అంతే. పక్క కారాయన నవ్వాడు. "మొన్నట్నుంచి తిరుగుతున్నా. మీరింకా కొత్త."

మూడు దాటింది. టైలర్‌కి ఒళ్ళు మండింది (దాన్ని నిర్ధారించే అధికారి అక్కడ లేరు). ఇంజన్ చల్లారాక బానెట్ ఎత్తి లోపలికి తొంగిచూశాడు. యంత్రాల గురించి అతనికేమీ తెలియదు. కానీ ముప్పై ఏళ్ళుగా వదులు నడుములు బిగిస్తున్న కన్ను అది. రేడియేటర్ కింద లావుపాటి రబ్బరు పైపు, కొలత తప్పిన ప్యాంటులా జారిపోతోంది. దాన్ని పట్టి ఉంచాల్సిన క్లిప్పు వదులై, నీళ్ళన్నీ చుక్కచుక్కగా కారిపోయాయి.

వాచ్‌మన్ దగ్గర స్క్రూడ్రైవర్, బకెట్ నీళ్ళు అడిగి తెచ్చాడు. పైపు తోశాడు, క్లిప్పు బిగించాడు, నీళ్ళు పోశాడు. అయిదు నిమిషాల పని.

తన వంతు వచ్చింది. అధికారి దయతలచి, ఇంజన్ తన ఎదుటే నడిపించమన్నారు. ఇరవై నిమిషాలు నడిచింది. ముల్లు సరిగ్గా మధ్యలో, బుద్ధిమంతురాలిలా నిలబడింది.

"వేడెక్కట్లేదే?"

"నేను బాగుచేసేశాను సార్," అన్నాడు టైలర్ గర్వంగా.

కౌంటర్లలో చేతులు ఆగిపోయాయి. టీ తాగుతున్నాయన గ్లాసు దించేశాడు.

"బాగుచేసేశారా?" అధికారి గొంతు బాధతో తగ్గింది. "ఎంత పని చేశారండీ! ఫిర్యాదు మూస్తేగానీ బండి బయటికెళ్ళే గేటు కాగితం రాదు. మరమ్మతు జరిగితేగానీ ఫిర్యాదు మూయకూడదు. నిర్ధారణ అయితేగానీ మరమ్మతు చేయకూడదు. మీరేమో ఉన్న ఒక్క వేడినీ తీసేశారు."

"పోనీ ఫిర్యాదు వెనక్కి తీసుకుంటాను సార్."

"నిక్షేపంగా తీసుకోండి. అబద్ధపు ఫిర్యాదు కింద విచారణకి బండి వారం రోజులు ఇక్కడే ఉంటుంది."

"సార్, అయిదింటికి మా అత్తగారు..."

"మీ కష్టం నాకు అర్థమైంది." ఆయన నిజంగానే కదిలిపోయారు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు. "దాన్ని ఇందాక ఎలా పాడై ఉన్నదో మళ్ళీ అలా పెట్టేసి తీసుకురండి. మీ కోసం క్యూ తప్పిస్తాను. ఇంత సాయం నేను ఎవరికీ చేయలేదు."

వాచ్‌మన్ అడక్కుండానే స్క్రూడ్రైవర్ అందించాడు.

నాలుగున్నరకి టైలర్ తెల్లగీతల మధ్య వంగి క్లిప్పు వదులు చేస్తుండగా ఫోను మోగింది.

"ఎక్కడున్నావు బావా? అమ్మ చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడింది. కారుకేమన్నా అయిందా?"

"ఏమీ కాలేదురా, నిక్షేపంలా ఉంది. అందుకే వదలట్లేదు," అన్నాడు టైలర్. "మళ్ళీ పాడవగానే తెచ్చేస్తా."