సీసం పెట్టిన కర్ర

ఆ రోజు పొద్దున మునిరత్నం వేసుకున్న పథకం చిన్నదే. నిమ్మనపల్లెలో తొలి బస్సెక్కి మదనపల్లెలో దిగాలి. తన విత్తనాల అంగడి తాళం తియ్యకుండానే పుంగనూరు బస్సు పట్టుకోవాలి. అక్కడ జిలాన్ దగ్గర కర్ర తీసుకుని, మాపటికి ఏమీ ఎరగనట్టు ఇల్లు చేరాలి. భార్య విజయమ్మకు మాత్రం ఆవును చూసి వస్తానని చెప్పాడు.

"ఉండే ఆవుకేమొచ్చింది?" అంది విజయమ్మ.

"అది ముసిల్దైపోలా. పుంగనూరు ఆవులు పొట్టియి. మేత తక్కవ."

"పొట్టోనికి పొట్టి ఆవు" అని ఆమె సద్ది మూట చేతికిచ్చింది.

అబద్ధం చెప్పవలసిన అవసరం పాతది. విజయమ్మ మేనమామ ఒకాయన ఎక్కడో క్లబ్బులో పేకాడి మడి పోగొట్టుకున్నాడు. అప్పటినుంచి ఆమెకు క్లబ్బు అనే మాట వినబడితే చాలు, ఆ పూట పొయ్యి వెలగదు. మునిరత్నం మదనపల్లె క్లబ్బులో ఆడేది పేక కాదు, బిలియర్డ్స్. పచ్చగుడ్డ పరిచిన బల్ల మీద మూడు గుండ్లను కర్రతో పొడిచే ఆట. కానీ ఆ తేడా ఆమెకు చెప్పి బతికి బయటపడగలనన్న నమ్మకం అతనికి లేదు. అందుకని ఆమెకు తెలిసినంతలో అతను ఏండ్ల తరబడి సాయంత్రాలు అంగడిలో మూటలు లెక్కబెడుతున్నాడు.

ఏటా కుప్పం క్లబ్బుతో ఒక పోటీ ఉంటుంది. మదనపల్లె తరఫున మునిరత్నం, కుప్పం తరఫున నల్లరాళ్ల కాంట్రాక్టరు ఈశ్వరప్ప. ఏటా మునిరత్నమే ఓడేవాడు. ఒకసారి బస్సు కుదుపులకు చెయ్యి వణికిందన్నాడు. ఒకసారి అక్కడి నేల వాలన్నాడు. పోయినసారి నెపం కర్ర మీద పెట్టాడు. క్లబ్బు కర్రలు ఏ కాలంలోనో పొడుగు మనుషుల కోసం చేసినవని, తనలాంటి పొట్టి చేతులవాడు పట్టుకుంటే మూతి బరువై కిందికి వాలతాయని వాదించాడు. క్లబ్బు సెక్రటరీ అంతా విని, "అయితే నీ కొలతకు నువ్వే ఒకటి చేయించుకోప్పా. అదీ చూస్తాం. ఆపైన కూడా ఓడిపోతే వచ్చే ఏడు ఇంకొకర్ని పంపిస్తాం" అన్నాడు.

జిలాన్ పుంగనూరులో చెక్కను తరిణె మీద తిప్పి గుండ్రంగా చెక్కేవాడు. ఉయ్యాల కోళ్లు, చపాతీ కర్రలు, కొడవలి పిడులు చేస్తాడు. బిలియర్డ్స్ బల్లను కలలో కూడా చూడలేదు. టేకుతో కర్ర నున్నగా తీసి, కొనకు పాత చెప్పు తోలు బిళ్ల అంటించి సిద్ధంగా ఉంచాడు. మిగిలింది తూకం. తూకం ఎక్కడ నిలవాలో తెలియాలంటే మనిషి ఎట్లా నిలబడతాడో చూడాలన్నాడు. మునిరత్నం అక్కడే జిలాన్ అంగడి ముందు మంచం పట్టె మీద రెండు నిమ్మకాయలు పెట్టి, నడుం వంచి, గడ్డం కర్రకు ఆనించి, ఒంటికన్ను మూశాడు.

జిలాన్ చుట్టూ తిరిగి చూశాడు. "పండుకోని ఆడతారా అప్పా ఈ ఆట?"

"పండుకునేది గాదు జిలాన్ భాయ్. వంగేది."

"ముసిలోళ్లు కూడా?"

"ముసిలోళ్లే ఎక్కవ."

"నడుము నొయ్యదా? మరి యాల ఆడతారు?"

మునిరత్నం నిమ్మకాయను పొడిచాడు. అది కాలువలో పడింది. కర్రను వేలి మీద అడ్డంగా నిలబెట్టి చూస్తే మూతి వాలిపోతూ ఉంది. జిలాన్ పిడి వైపు లోతుగా రంధ్రం తొలిచాడు. సీసం కరిగించి, మట్టి అచ్చులో పోసి, కడ్డీ చేశాడు. ఆ కడ్డీని కొంచెం కొంచెం కోస్తూ, రంధ్రంలో పెడుతూ, తీస్తూ, కర్రను వేలి మీద ఆనిస్తూ పొద్దు వాలేదాకా గడిపాడు. చివరికి కర్ర మునిరత్నం కోరిన చోట వేలి మీద ఎద్దు మీద కాకి కూచున్నట్టు కూచుంది. జిలాన్ రంధ్రాన్ని లక్కతో మూశాడు.

ఇదంతా ఎదుటి టీ అంగట్లోంచి గోవిందప్ప చూశాడు. గోవిందప్ప మునిరత్నానికి పెదనాన్న కొడుకు. నిమ్మనపల్లెలో గోడకు గోడ ఆనుకున్న ఇండ్లు. ఇద్దరికీ కలిపి ఒకే బావి, ఒకే మోటారు. ఒకరి వంతులో ఇంకొకరు ఫ్యూజు పీకేసుకోవడం మొదలైనప్పటినుంచి మాటల్లేవు. కొడవలి పిడి కోసం వచ్చిన గోవిందప్ప తమ్ముణ్ణి చూసి టీ అంగట్లో ఆగిపోయాడు. టీ చల్లారింది. చేతిలో గ్లాసు అట్లాగే ఉంది.

సీసం పెట్టిన కర్ర అంటే ఆ వైపు అందరికీ తెలుసు. ఒక దెబ్బ పడితే రెండో దెబ్బ అక్కరలేదంటారు. చూసినవాళ్లు మాత్రం ఎవరూ లేరు. గోవిందప్ప ఇప్పుడు చూశాడు. అది ఎవరి నెత్తి కోసమో అతన్ని ఎవరూ అడగనక్కరలేదు.

మునిరత్నం బస్సెక్కినాక అతను రోడ్డు దాటాడు.

"జిలాన్, ఇప్పుడు చేసిస్తివే, అట్లాంటిదే నాకొకటి కావల్ల."

జిలాన్ మొహం వికసించింది. "మీరు కూడానా అప్పా? యాడికాడికి పాకతాండాదే ఇది. చెయ్యి సాపండి." కొలిచి చూశాడు. "అచ్చం ఆయన చెయ్యే."

"మా తాత చెయ్యి. వంశంలో అందరికీ పొట్టియే."

"సీసం ఎంత పెట్టేది?"

"వానికెంత పెట్టినావో అంత. ఒక గురిగింజ తగ్గినా ఒప్పుకోను."

"మీరూ మీరూ జోడీనా?"

"ఎప్పట్నుంచో" అన్నాడు గోవిందప్ప.

ఊరికి వచ్చి, మునిరత్నం ఇంట్లో లేని సమయం చూసి అతను విజయమ్మ దగ్గరికి పోయాడు. మగవాళ్లకు మాటల్లేవు గానీ ఆమెకూ అతనికీ ఉన్నాయి.

"నీ మొగుడు పొద్దన యాడికి పోయినాడమ్మా?"

"ఆవును సూసేకి పుంగనూరు పోయినాడు బావా. కొమ్ము సరిగా లేదంట, వద్దని వచ్చేసినాడు."

"ఆవును సూసినాడా?" గోవిందప్ప అరుగు మీద చతికిలబడి, చూసింది చూసినట్టు చెప్పాడు. నిమ్మకాయలు కూడా చెప్పాడు. నిమ్మకాయలు వినేసరికి విజయమ్మకు చేతబడి అనుమానం కూడా వచ్చింది.

మరుసటి రోజు మునిరత్నం అంగడికి పోయినాక ఆమె ఇల్లంతా వెతికింది. అటక మీద గోనె సంచిలో చుట్టిన కర్ర దొరికింది. చేతబట్టి చూస్తే పిడి వైపు బరువుగానే ఉంది. మొగుడు జైలుకు పోతే అంగడి ఎవరు చూస్తారు, బావ చస్తే ఆయన పెండ్లాం మొహం ఎట్లా చూసేది అని ఆమె ఎక్కువసేపు ఆలోచించలేదు. పిడిని పొయ్యి సెగకు పట్టింది. లక్క మెత్తబడింది. కర్ర తట్టితే కడ్డీ జారి బూడిదలో పడింది. ఆ రంధ్రంలో పాతచీర పేలిక కూరి, లక్కను మళ్లీ అంటించి, సంచిలో చుట్టి, అటక మీద పెట్టేసింది. కడ్డీని గోడ మీదుగా గోవిందప్పకు ఇచ్చింది.

"ఇంగ భయం లేదు బావా. కొట్టినా బొప్పి కడుతుందంతే."

గోవిందప్పకు భయం తగ్గింది. అది తగ్గిన చోట ఇంకొకటి మొదలైంది. ఆదివారం మునిరత్నం కుప్పం పోతున్నాడని, అక్కడ ఇంకో ఆవుందన్నాడని, గోనె సంచి అటక దించి పెట్టుకున్నాడని విజయమ్మ చెప్పింది. తన నెత్తి ఇక్కడ నిమ్మనపల్లెలో ఉంటే, ఆ కర్ర కుప్పానికి ఎందుకు పోతున్నట్టు? ఆ ప్రశ్న అతన్ని రెండు రాత్రులు నిద్రపోనీయలేదు. ఆదివారం, ఈలోగా జిలాన్ చేసిచ్చిన తన కర్రను దుప్పట్లో చుట్టుకుని, సీసం కడ్డీ జేబులో వేసుకుని, అదే బస్సెక్కాడు.

మునిరత్నం ముందు సీట్లో, గోవిందప్ప వెనక సీట్లో. ఇద్దరి పక్కనా నిలువుగా ఒక్కో మూట. కండక్టరు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

"ఇద్దరూ ఒకే పెండ్లికా?"

"ఆయనెవురో నాకు తెల్దు" అన్నాడు మునిరత్నం.

"అడగలే నిన్ను" అన్నాడు గోవిందప్ప వెనకనుంచి, కండక్టరుతో అన్నట్టు.

కుప్పంలో దిగి మునిరత్నం ఒక పెంకుటింట్లోకి పోయాడు. గోవిందప్ప కిటికీ దగ్గర నిలబడ్డాడు. లోపల నారుమడంత పచ్చగా ఒక బల్ల. చుట్టూ ఇస్త్రీ బట్టల మనుషులు. మునిరత్నం మూట విప్పి కర్ర తీశాడు. బోడితల లావాటి మనిషి ఈశ్వరప్ప ఎదురుగా వచ్చాడు. గోవిందప్ప దుప్పటి మూటను దగ్గరికి లాక్కున్నాడు. ఇద్దరూ చేతులు కలుపుకున్నారు. తర్వాత మునిరత్నం వంగి ఒక గుండును పొడిచాడు.

గోవిందప్ప పక్కనున్న వాచ్‌మన్ని అడిగాడు. "ఏం జేస్తాండారప్పా?"

"ఆట."

"ఇంతేనా?"

"ఇంతే."

"ఆ తెల్లవి రెండుండాయే. ఎవురిది యాదో ఎట్ల తెలుస్తాది?"

"ఒకదాని మీద సన్న సుక్క ఉంటాది సూడు. అది ఈశ్వరప్పది. సుక్క లేంది మీవోనిది. ఎదుటోని తెల్లదాన్ని కర్రతో ముట్టుకుంటే తప్పు."

గోవిందప్ప కిటికీలోంచే చూశాడు. చుక్క కనబడింది. ఆట అతనికి నచ్చడం మొదలైంది.

మునిరత్నానికి మాత్రం ఏమీ నచ్చడం లేదు. కర్ర మూతి వాలిపోతూ ఉంది. పొడిస్తే గుండు పక్కకు జారింది. ఇంకోసారి గుడ్డకు గీసుకుంది. వేలి మీద నిలబెట్టి చూశాడు. కర్ర ముక్కు కిందికి పెట్టి నేల మీద పడింది.

"కొత్త కర్రనా?" అన్నాడు ఈశ్వరప్ప మర్యాదగా.

"పుంగనూరులో సరిగ్గానే ఉన్నింది" అన్నాడు మునిరత్నం. అతనికి వచ్చే ఏడు సెక్రటరీ పంపబోయే మనిషి మొహం కళ్ల ముందు కదిలింది.

కిటికీలోంచి ఒక గొంతు వచ్చింది. "రేయ్, దాంట్లో సీసం లేదు."

అందరూ తిరిగి చూశారు. ఫ్యూజుల గొడవ తర్వాత అన్న తనతో అన్న మొదటి మాట అదేనని మునిరత్నానికి కొంచెం ఆలస్యంగా తట్టింది.

"నీకెట్ల తెలుసన్నా?"

"నా జేబులో ఉండాది."

గోవిందప్ప లోపలికి వచ్చి కడ్డీని పచ్చగుడ్డ మీద పెట్టాడు. విజయమ్మ, పొయ్యి, పేలిక అన్నీ చెప్పాడు. ఈశ్వరప్ప కుర్చీ లాక్కుని కూచుని విన్నాడు. అంత మంచి ఆదివారం అతనికి ఈ మధ్య దొరకలేదు.

"నిన్ను కొట్టేకి చేయించినాననుకుంటివా?" అన్నాడు మునిరత్నం.

"ఆవంటివి గదా. ఆవును సూసేకి పోయినోడు సీసం తెచ్చుకుంటే ఎవురైనా ఏమనుకుంటారు?"

"ఆ దుప్పట్లో ఏముండాది?"

గోవిందప్ప కొంచెం సిగ్గుపడ్డాడు. "నీదాని మాదిరే చేయించినా."

"యాల?"

"నువ్వు చేయించినావని."

మునిరత్నం దుప్పటి విప్పి కర్రను వేలి మీద పెట్టాడు. అది కదలలేదు. చేత్తో పట్టి వంగాడు. కర్ర చేతిలో ఉన్నట్టే లేదు. "కర్ర మార్చుకోవచ్చునా?" అని ఈశ్వరప్పను అడిగాడు.

"కథ చెప్పినారు గదా, మార్చుకోండప్పా" అన్నాడు ఈశ్వరప్ప.

అక్కడినుంచి ఆట వేరే ఆటైంది. మునిరత్నం పొడిచిన ప్రతి గుండూ చెప్పిన చోటికి పోయింది. వెనకబడిన లెక్క మెల్లగా దగ్గరికొచ్చింది. చివరికి ఒక్క దెబ్బలో తేలిపోయే చోటుకు వచ్చి ఆగింది. ఎర్రగుండు రంధ్రం మూతిలోనే కూచుని ఉంది. తెల్లగుండుతో దాన్ని తాకిస్తే చాలు. మునిరత్నం నడుం వంచాడు. గడ్డం ఆనించాడు. కర్ర నూనెలో జారినట్టు జారింది. తెల్లగుండు సూటిగా పోయి ఎర్రదాన్ని ముద్దు పెట్టుకున్నట్టు తాకింది. ఎర్రది లోపల పడింది. అంత అందమైన దెబ్బ ఆ బల్ల మీద అంతకుముందు పడలేదని తర్వాత ఈశ్వరప్పే ఒప్పుకున్నాడు.

అప్పుడు మాత్రం ఆయన, "అది నాదప్పా" అన్నాడు.

"యాది?"

"మీరు కొట్టిన తెల్లది."

మునిరత్నం బల్ల మీద వాలి, గుండును ముక్కు దగ్గరికి తెచ్చుకుని, అటూ ఇటూ తిప్పాడు. చుక్క ఉంది.

"ఇదెప్పుడు పెట్టినారు?"

"మొదట్నించీ ఉండాదే" అన్నాడు ఈశ్వరప్ప.

"కిటికీలోంచే కనబడె గదరా నాకు" అన్నాడు గోవిందప్ప. "నువ్వు తెలిసే కొడతాండావేమో, దాంట్లో ఏం కిటుకుందోనని సూస్తా ఉంటి."

ఆ తప్పు దెబ్బతో ఆట ఈశ్వరప్పదైంది. తిరుగు బస్సులో ఇద్దరూ ఒకే సీట్లో కూచున్నారు. పలమనేరు దాటినాక గోవిందప్ప, పచ్చగుడ్డ కింద ఉండేది చెక్కా రాయా అని అడిగాడు. మునిరత్నం రాయి అన్నాడు. ఏ రాయి అన్నాడు గోవిందప్ప. అట్లా ఊరు వచ్చేదాకా మాటలు సాగాయి. ఇంటి ముందు విజయమ్మ చేతులు కట్టుకుని నిలబడి ఉంది. "ఈ ఆవు కొమ్ములెట్లుండాయి?" అని అడిగింది. గోవిందప్ప నోట క్లబ్బు అన్న మాట జారింది. ఆ పూట రెండిండ్లలోనూ పొయ్యి వెలగలేదు.

మరునాడు సాయంత్రం మదనపల్లె క్లబ్బులో సెక్రటరీ మునిరత్నాన్ని పిలిపించాడు. ఈసారి కారణం ఏమిటని అడిగాడు.

"కర్రలో ఏ లోపమూ లేదు సార్" అన్నాడు మునిరత్నం. "కుప్పంలో వెలుతురే సాల్దు."

పోటీ జరిగింది మిట్టమధ్యాహ్నం.