ఆట రాదని రుజువు చేసుకున్నవారికే బ్యాటు

చౌకగా దొరికేది మన్నదు, మన్నేది చౌకగా దొరకదు. సృష్టి మొదలైన నాటినుంచి అమల్లో ఉన్న ఈ చట్టాన్ని ఒకే ఒక్క సర్క్యులరుతో రద్దు చేసిన ఘనత మదనపల్లెలోని ‘ప్రారంభ క్రీడాకారుల చౌక, మన్నిక బ్యాట్ల ఎంపిక ఉపసంఘా’నికి దక్కుతుంది. (ఉపసంఘం అన్నాక అసలు సంఘం ఒకటి ఉండాలి కదా అని అడగకండి. దాన్ని వెతకడానికి ఇంకో ఉపసంఘం వేశారు.)

పుంగనూరులో ఒక హైస్కూలు పీఈటీ నీరజ ఈ మహాసంస్థను కోరింది రెండంటే రెండు షటిల్ బ్యాట్లు. నెలాఖరుకు కుప్పంలో బాలికల పోటీలు. ఆమె బడిలో చాందిని అనే ఎనిమిదో తరగతి పిల్ల ఉంది. బ్యాటు లేక పరీక్ష అట్టతోనే ఆడేది. ఆడి ఆడి అట్ట క్లిప్పు ఊడిపోతే తెలుగు పరీక్షను మోకాలి మీద పెట్టుకుని రాసింది గానీ, ఎదుటివాళ్లకు ఒక్క పాయింటూ వదల్లేదు. కుప్పంలో నిబంధన ఒకటే: ఉపసంఘం ముద్ర ఉన్న బ్యాటు చేతిలో లేనిదే కోర్టులో కాలు పెట్టకూడదు. అట్టలు చెల్లవు.

నీరజ మొదట మామూలు మనిషిలా ఆలోచించింది (పొరపాటు అక్కడే జరిగింది). మదనపల్లె బస్సెక్కి శ్రీనివాసులు ఆటసామాన్ల అంగడికి పోయింది.

“కొత్తగా ఆడే పిల్లకి ఇనప కమ్మీది వొద్దమ్మా, చెయ్యి పీకుతాది. ఈ అల్యూమినియంది సూడు. తేలిక. కింద పడినా విరగదు,” అన్నాడు శ్రీనివాసులు.

“ఎన్నాళ్లు వస్తాదప్పా?”

“ఆడేదాన్ని బట్టి. ఆడకుండా పెట్టుకుంటే నీ మనవరాలికి గూడా ఇయ్యొచ్చు.”

(తన నోటినుంచి ఉపసంఘం మూలసూత్రం జారిపడిందని ఆయనకు అప్పటికి తెలియదు.)

నీరజ ఆ బ్యాటు వివరాలు పట్టుకుని ఉపసంఘం అధ్యక్షుడు వెంకటరమణప్ప ముందు నిలబడింది. ఆయనది ముప్పై ఏళ్ల మచ్చలేని సర్వీసు. మచ్చ పడాలంటే ఏదో ఒక పని చేసి ఉండాలి కదా.

“ఇది మన్నుతాదని రుజువేదమ్మా?”

“కొత్తది గదా సార్. ఆడితేనే తెలిసేది.”

“రెండేండ్లు వాడినా విరగలేదని సర్టిఫికెట్ ఉండాల. నాలుగో నిబంధన.”

“అట్లయితే రెండేండ్లు వాడిన బ్యాటే తెస్తా సార్.”

“పాత సామాను కొనగూడదు. అయిదో నిబంధన.”

నాలుగు కొడితే అయిదు మీద, అయిదు కొడితే నాలుగు మీద పడుతూ నీరజ ఆ గదిలో చాలాసేపు ఎగిరింది. బ్యాటు లేకుండా షటిల్ ఆడవచ్చని ఆమెకు ఆనాడే తెలిసింది.

చివరికి ఆరో నిబంధన కరుణించింది. నిజమైన ప్రారంభకులకైతే సర్టిఫికెట్ అడక్కుండా కొత్త బ్యాటు కొనవచ్చు. ఫైలు కదిలింది. షటిల్ రాకెట్టు పేరులో ‘రా’ ఉంది, ఆఫీసులో మాత్రం ‘రేపు రా’ ఉంది. పుంగనూరు ఆవు పొట్టిదే గానీ పుంగనూరు ఫైలు అంత పొట్టిది కాదు. ఎలాగైతేనేం, రెండు బ్యాట్లకు ముద్ర పడింది. ఇక మిగిలింది ఏడో నిబంధన: పిల్ల నిజంగా ప్రారంభకురాలేనని ఉపసంఘం కళ్లారా చూడాలి. మూడు షటిళ్లు విసురుతారు. మూడూ తప్పితే బ్యాటు ఇస్తారు. ఒక్కటి తగిలినా అనుభవజ్ఞురాలు. అనుభవజ్ఞులు తమ బ్యాటు తామే తెచ్చుకోవాలి.

ఆ సాయంత్రంనుంచి నీరజ, ఆట నేర్పే ఉద్యోగంలో ఉంటూ, ఆట రాకపోవడం నేర్పించసాగింది.

“తగలకూడదే పాపా. గాలిని కొట్టు.”

“అదే నా చేతికి వస్తాండాది మేడమ్. నేనేం జేసేది?”

“ఒక్క రోజు రానట్టు ఉండు.”

“రానట్టు ఎట్ల ఉండేది? అది నాకు రాదు గదా!”

చాందిని తల్లి మునీశ్వరి టమోటా మండీలో కాయలు ఏరే పని చేస్తుంది. కూతుర్ని తీసుకుపోవడానికి వచ్చి, ఈ చదువు చూసి నడుం మీద చెయ్యి పెట్టుకుంది. “యాలమ్మా ఈ బాగోతం? మా మండీలో ఎంత మాయదారి యాపారి గూడా మంచి కాయను ముందు కుళ్లబెట్టి, ఆనిక కొనడు గదమ్మా!”

నీరజ ఇంకో షటిల్ విసిరింది. జవాబు చెప్పాలంటే దానికీ ముద్ర కావాలి.

పరీక్ష రోజున వెంకటరమణప్ప, సభ్యుడు గిరిబాబు బడి మైదానంలో కుర్చీలు వేసుకుని టీ పుచ్చుకున్నారు. గిరిబాబు మొదటి షటిల్ విసిరాడు. చాందిని పళ్లు బిగించి తన అట్టతో గాలిని కొట్టింది. పిల్లలందరూ చప్పట్లు కొట్టారు (తప్పినందుకు చప్పట్లు పడడం ఆఫీసుల బయట అరుదు). రెండోది కూడా తప్పింది. నీరజ కళ్లు మూసుకుంది.

మూడోది విసిరే గౌరవం అధ్యక్షుడిది. ఆయన తూర్పుకు గురిపెట్టి ఉత్తరానికి విసిరాడు. దాన్ని ఎవరూ కొట్టలేరు. వదిలేసి నిలబడినా చాలు. కానీ చాందిని కాళ్లు మేడమ్ చెప్పిన పాఠం మరిచిపోయాయి. మూడడుగులు ఉరికి, వంగి, ఎడమవైపునుంచి తిప్పి కొట్టింది. షటిల్ నేరుగా పోయి వెంకటరమణప్ప టీ గ్లాసులో దిగింది.

“అనుభవజ్ఞురాలు,” అన్నాడు ఆయన, చొక్కా తుడుచుకుంటూ.

“సార్, ముద్ర పడిన బ్యాట్లు ఎనక్కి తీసుకునే రూలు లేదు. ఈడనే ఎవరికో ఒకరికి ఇయ్యాల,” అని గిరిబాబు నీరజకూ వినపడేలా ఆయన చెవిలో ఊదాడు.

నీరజకు ఒళ్లు మండింది. “అట్లయితే మీరే ఒకసారి ఆడి సూపించండి సార్!” అంది. అది ఎత్తిపొడుపు. అధ్యక్షులవారు దాన్ని దరఖాస్తుగా స్వీకరించారు.

ముప్పై ఏళ్ల సర్వీసున్న మనిషి ఒక్క సర్వీసు వేయలేకపోయాడు. మూడు విసిరితే మూడూ తప్పాయి. తర్వాత గిరిబాబుకూ మూడు తప్పాయి. (మొదటి రెండు చేతకాక, మూడోది పైఅధికారి మీద భక్తితో.) ఇద్దరు నిజమైన ప్రారంభకులు అక్కడికక్కడే దొరకడం ఉపసంఘం చరిత్రలో అదే ప్రథమం. చెరొక బ్యాటు చేతికి తీసుకుని, నీరజతోనే చప్పట్లు కొట్టించుకున్నారు.

నెలాఖరున ఆ బ్యాట్లు రెండూ పోటీల పరిశీలకులుగా బయల్దేరిన ఆ ఇద్దరి కారులో కుప్పం వెళ్లాయి. చాందిని బస్సులో వెళ్లి గట్టు మీద కూర్చుంది. ఆమె పరీక్ష అట్టకు మాత్రం కోర్టు పక్కన చోటు దొరికింది. స్కోరు రాసుకోవడానికి కావాలని అడిగి తీసుకున్నారు.

రెండేళ్లు గడిచాక ఉపసంఘం మన్నిక నివేదిక వెలువరించింది. “రెండు బ్యాట్లూ చెక్కుచెదరలేదు. షటిల్ తగిలిన ఆనవాళ్లు లేవు. వాడుతున్న ఇద్దరూ నేటికీ ప్రారంభ దశలోనే ఉన్నందున, వారికి మరో జత మంజూరు చేయడమైనది.”