నడిమి పొయ్యికి పదిహేడు అభ్యంతరాలు

వెస్ట్ హాడ్లాక్ ఊరి పెద్దలారా, ఈ నేరం మీదే. దేశానికి కొత్త రాజ్యాంగం కావాలో వద్దో తేల్చి బోస్టన్ సభకు ఒక ప్రతినిధిని పంపమంటే, రెండు వారాలు పొయ్యి గురించి కొట్టుకుని, చివరికి ఊరికి ప్రతినిధీ లేకుండా, వెచ్చదనమూ లేకుండా, ఒక ముసలామెకు మగ్గం కూడా లేకుండా చేసిన ఘనత మానవజాతి చరిత్రలో మీకొక్కరికే దక్కింది. రోము చక్రవర్తులకు కూడా ఇది చేతకాలేదు. పాపం, వాళ్ళ దగ్గర ఉపసంఘాలు తక్కువ.

జరిగింది జరిగినట్టు రాస్తాను. అలంకారాలు కావాలంటే మీ తీర్మానాల్లో చూసుకోండి.

1787 డిసెంబరు పదిహేడున ఊరి సభ ముందుకు రెండు అంశాలు వచ్చాయి. ఒకటి, ప్రార్థన మందిరం నడుమ పెట్టుకోమని కెప్టెన్ ఎలిఫలెట్ పార్ట్రిడ్జ్ గారు దానమిస్తానన్న పోత ఇనుప పొయ్యి. రెండు, ఫిలడెల్ఫియాలో పెద్దమనుషులు నడి వేసవిలో కిటికీలు కూడా మూసుకుని రాసిన రాజ్యాంగం. పొయ్యి చిన్న సంగతే కదా, ఐదు నిమిషాల్లో తేల్చేసి పెద్దదాని మీదికి పోదాం అన్నారెవరో. (ఆ అన్నవాడి పేరు గుమాస్తా రాసుకోలేదు. అదృష్టవంతుడు.)

మా మందిరంలో ఇప్పటిదాకా ఎవరి కుంపటి వారిదే. చెక్క చట్రంలో చిల్లుల రేకు డబ్బా, డబ్బాలో నిప్పులు, డబ్బా మీద కాళ్ళు, కాళ్ళ మీద కుక్క. పొద్దున రెండు గంటల ప్రసంగం, మధ్యాహ్నం రెండు గంటల ప్రసంగం. నరకాగ్ని గురించి చెప్పే రోజున వెనక బెంచీల వాళ్ళ ముఖాల్లో భయం కనిపించదు, ఆశ కనిపిస్తుంది. ఒకసారి నింపిన నిప్పులు ఒక ప్రసంగానికే వస్తాయి గనుక, విరామంలో అందరూ డబ్బాలు పట్టుకుని పక్కింటికి పోతారు. ఆ పక్కిల్లు సబ్మిట్ బాస్కమ్ అవ్వది. (పేరుకు అర్థం 'లోబడు' అని. అది కన్నవాళ్ళ కోరిక, తీరలేదు.) డెబ్బై రెండేళ్ళ మనిషి, భర్త పోయాడు, నేతతో బతుకుతుంది. ముప్ఫై ఏళ్ళుగా అరవై కుటుంబాల కుంపట్లలోకి నిప్పులు ఆమె పొయ్యిలోంచే వస్తున్నాయి. కట్టెలూ ఆమెవే. సభ జరిగిన రెండు వారాల్లో ఈ సంగతి ఒక్క నోట కూడా రాలేదు.

పార్ట్రిడ్జ్ గారిది నడిమి పొయ్యి పక్షం. చిల్లర కుంపట్ల వల్లే ఈ దేశం పరువు పోతోందని ఆయన గంటంబావు మాట్లాడారు. పోయినేడు పడమటి రైతులు తుపాకులు పట్టుకుని కోర్టుల మీదికి పోవడానికి అసలు కారణం చలికి గడ్డకట్టిన కాళ్ళేనని నిరూపించారు. నడుమ బలమైన పొయ్యి లేకపోతే ఇంగ్లండు రాజు మళ్ళీ వచ్చి మన మందిరంలో కాళ్ళు కాచుకుంటాడని హెచ్చరించారు. (ఏ పొయ్యి దగ్గరో చెప్పలేదు.)

మందిరం పెద్ద డీకన్ కన్సిడర్ వారినర్ గారిది వేరు కుంపటి పక్షం. ఆయన లేచి నిలబడగానే సగం సభ బూట్లు నేలకేసి కొట్టింది. అభిమానంతో సగం, రక్తం ఆడడానికి సగం.

"పొయ్యి నడుమ ఉంటుంది, నేను మూల ఉంటా," అన్నారాయన. "కట్టె నా కొట్టంలోంచి పోతుంది, వేడి కెప్టెన్ గారి మోకాళ్ళకి పోతుంది. ఇదే మాట ఇంగ్లండు రాజుకి చెప్పి ఇంకా పుష్కరం కాలేదు."

ఆ తర్వాత పదిహేడు అభ్యంతరాలు చదివారు. పొయ్యి గొట్టం కుటుంబాలు కొనుక్కున్న సొంత బెంచీల మీదుగా పోతుంది. ఇవాళ గొట్టం, రేపు మసి, ఎల్లుండి ఆ మసి దులపడానికి జీతాల సైన్యం. పొయ్యితో పాటు హక్కుల పత్రం ఇవ్వలేదు. పౌరుడు తన చలితో తాను వణికే స్వేచ్ఛకు హామీ ఏది? పొయ్యి అధికారికి నిప్పు నిలపడానికి 'అవసరమైన, తగిన' పనులన్నీ చేసే అధికారముందని కెప్టెన్ గారి దానపత్రంలో ఉంది. కట్టెలైపోతే నా బెంచీ పొయ్యిలో పెట్టడం అవసరమా? అవసరమే అనుకుందాం, తగునా? ఈ రెండు మాటల మీద మూడు రోజులు గడిచాయి.

వేడి అన్ని బెంచీలకూ సమానంగా పంచగలమో లేదో తేల్చడానికి పందుల తనిఖీదారు జెబులన్ క్లాప్‌ను నియమించారు. (ఊళ్ళో తనిఖీలతో పని ఉన్న అధికారి ఆయనొక్కడే. నేల తవ్వకుండా పందుల ముక్కులకు కొక్కేలున్నాయో లేదో చూస్తాడు.) ఆయన ఇంకా రాని పొయ్యి పెట్టే చోటు చుట్టూ వట్టి కాళ్ళతో బెంచీ బెంచీకీ నిలబడి, తన పాదాలకు ఎక్కడా తేడా తెలియలేదని, అసలు పాదాలే తెలియడం లేదని నివేదిక ఇచ్చాడు. రెండు పక్షాలూ అది తమ విజయమేనని చప్పట్లు కొట్టాయి.

సభ మొదలైన ఐదో రోజున అవ్వ నుంచి ఒక చీటీ వచ్చింది. ఆడవాళ్ళు సభలో మాట్లాడరాదు గనుక గుమాస్తా చదివాడు: "కట్టెలు అయిపోతున్నాయి, ఒక బండి వేయించండి."

ఐదు మాటలు. వాటిని ఉన్నవున్నట్టు చదవాలా, భావం పట్టుకుని విశాలంగా చదవాలా అన్న దగ్గర చీలిక వచ్చింది. 'బండి' అంటే ఎద్దుబండా, మంచు మీద జారే మంచుబండా? 'వేయించండి' అన్నది ఊరినా, విడివిడిగా కుటుంబాలనా, లేక మొత్తం ప్రజలనా? ఊరు తరఫున కట్టెలిస్తే ఆమెను నడిమి అధికారంగా ఒప్పుకున్నట్టేనని డీకన్ గారు భయపడ్డారు. ఇప్పుడే ఇచ్చేస్తే నడిమి పొయ్యి అవసరమే లేదనుకుంటారని కెప్టెన్ గారు భయపడ్డారు. భయాలు వేరైనా ఫలితం ఒకటే గనుక మర్యాదగా సర్దుకున్నారు. ఆజ్ఞాపిస్తే దౌర్జన్యమవుతుంది గనుక, ఇంటికో దుంగ ఇమ్మని కుటుంబాలను 'ప్రార్థించారు'. అరవై ఇళ్ళ నుంచి మూడు దుంగలు, నలభై ఒక్క విచారం ఉత్తరాలు వచ్చాయి. అవ్వ ఆ ఉత్తరాలు పొయ్యిలో పెట్టింది. డీకన్ గారిది బాగా మండిందట, పొడుగెక్కువ కదా.

ఇరవై ఎనిమిదిన రాజీ కుదిరింది. పొయ్యి పెట్టాలి, సవరణలు పూర్తయ్యేదాకా వెలిగించకూడదు. మీ మొహాల్లో అంత తృప్తి నేనెప్పుడూ చూడలేదు. పొయ్యి వచ్చింది, నడుమ నిలబడింది, దాని దగ్గర మిగతా చోట్లకంటే చల్లగా ఉంది. ఆదివారం దాని మీద తడి చేతితొడుగులు ఆరేసుకున్నారు. అవి గడ్డకట్టాయి.

నిన్నటి ఆదివారం సంగతి. విరామంలో అందరూ డబ్బాలతో అవ్వ గడప ముందు వరసకట్టారు. మొదటి తొమ్మిది మందికీ నిప్పులు అందాయి. పదో మనిషి డీకన్ గారు. అవ్వ తలుపుకు అడ్డంగా నిలబడి, అయిపోయాయంది. ముప్ఫై ఏళ్ళుగా ఇక్కడే తీసుకుంటున్నాను, ఇది నా హక్కు అన్నారాయన.

"హక్కంటావా, మంచిది నాయనా," అంది అవ్వ. "మంగళవారం బల్ల కాల్చా. గురువారం మంచం. ఇప్పుడు మీవాళ్ళు తీసుకెళ్ళిన నిప్పులు మగ్గానివి. నువ్వేసుకున్న ఆ కోటు గుడ్డా ఆ మగ్గం మీదిదే. ఇంకేం మిగల్లేదు, ఇంటికెళ్ళు."

వెనక నుంచి పార్ట్రిడ్జ్ గారు ముందుకొచ్చి, కొత్త ప్రభుత్వం రాగానే మొదటి బండి ఆమెకేనని మాటిచ్చారు.

"ఎప్పుడొస్తుంది ఎలిఫలెట్?"

"తొమ్మిది రాష్ట్రాలు ఒప్పుకోగానే అవ్వా."

"ఇప్పటికెన్నయినయ్?"

"మూడు."

"అంటే ఇంకా ఆరు చలికాలాలు."

"ఆరు రాష్ట్రాలవ్వా."

"మీ వాళ్ళ మాటలు వింటుంటే నాకు రెండూ ఒకలాగే ఉన్నాయి," అని తలుపేసుకుంది.

అప్పుడు జరిగింది అసలు అద్భుతం. రెండు వారాల్లో మొదటిసారి రెండు పక్షాలూ ఏకమయ్యాయి. ముప్ఫై ఏళ్ళుగా ఊరి నిప్పు మొత్తం ఒక్క చేతిలో పెట్టుకుని, ఎన్నిక లేకుండా, గడువు లేకుండా, హక్కుల పత్రం లేకుండా ఏలిన సబ్మిట్ బాస్కమ్ మీద విచారణకు ఉపసంఘం వేస్తూ అక్కడే మంచులో నిలబడి తీర్మానించారు. వ్యతిరేక ఓట్లు లేవు. ప్రతినిధి ఎన్నిక మాత్రం వాయిదా పడింది, గుమాస్తా సిరా గడ్డకట్టిందట. ఈ తీర్మానం బొగ్గుతో రాశారు. బొగ్గు ఎవరింటిదని అడగకండి.

కనుక ఇప్పుడు చేయాల్సింది చెబుతున్నాను, ఉపసంఘానికి పంపకుండా వినండి. రేపు చీకటి పడేలోగా పార్ట్రిడ్జ్ గారి కొట్టంలోంచి ఒక బండి, డీకన్ గారి కొట్టంలోంచి ఒక బండి, చీల్చిన ఎండు ఓక్ కట్టెలు, పచ్చివి కావు, ఆమె గడప ముందు పడాలి. ఎద్దుబండైనా సరే, మంచుబండైనా సరే. ఈ వారంలోనే వడ్రంగిని పిలిచి మగ్గం చేయించాలి. ఆ విచారణ కాగితం చింపాలి. ఆ తర్వాత బోస్టన్‌కు ఎవరిని పంపుతారో, ఎటు ఓటేయిస్తారో మీ ఇష్టం, నేను అడ్డం రాను.

ఇదంతా కష్టమనుకుంటే ఇంకో దారి కూడా ఉంది, అందులో మీరు చేయాల్సిందేమీ లేదు. వచ్చే ఆదివారానికి ఆమె శవపేటిక మందిరంలో ఉంటుంది, మీరంతా మూడు గంటల ప్రసంగానికి కూర్చుంటారు, మధ్యలో డబ్బా నింపుకోవడానికి పక్కన నిప్పిచ్చే ఇల్లుండదు.