కర్టెన్ చాటు మెకానిక్

ఇంట్లో పెట్టుకున్న వ్యాపారమంత సుఖం ఈ లోకంలో ఇంకోటి లేదు. కాదనేవాళ్ళుంటే కుట్టుమిషన్ బాగుచేయించుకునే వంకతో ఒకసారి మా ఇంటికి రండి.

నేను ఏడో తరగతిలో బడి మానేసినవాణ్ణి. అప్పట్నుంచీ మిషన్ల కడుపులో చేతులు పెట్టి బతుకుతున్నాను. ఇరవై రెండేళ్ళు మార్కెట్ మూల కొట్లో కూర్చున్నాను. యజమాని నన్ను ఖాళీ చేయించి సెల్‌ఫోన్లు అమ్మేవాడికి ఇచ్చుకున్నాడు. అందరూ అయ్యో అన్నారు. అయ్యో ఎందుకు? ఇప్పుడు నా మంచానికీ నా బల్లకీ మధ్య ఆరడుగులే దూరం!

సుఖాలు ఒకటా రెండా? మొహానికి సబ్బు రాసుకుని ఉండగా గిరాకీ వస్తుంది. చక్కెర డబ్బాలో స్క్రూలు దొరుకుతాయి, స్క్రూల డబ్బాలో చక్కెర దొరుకుతుంది. మా అత్తగారు మిషన్ ఆయిల్‌ని నొప్పుల నూనె అనుకుని మోకాళ్ళకి పట్టించుకుంది. అప్పట్నుంచి మెట్లెక్కుతుంటే చప్పుడు రావడం లేదట. రెండో సీసా ఏదీ అంటోంది. కొట్లో కూర్చుంటే ఇంత పేరొస్తుందా?

అన్నిటికన్నా పెద్ద వరం మా ఆవిడ. నేను పనిచేసే ముందుగదికీ ఆవిడ వంటింటికీ మధ్య ఉన్నది కర్టెన్ ఒక్కటే.

ఇక్కడ మా పనిలో గుట్టు ఒకటి చెప్పాలి. చెడిపోయాయని వచ్చే మిషన్లలో సగానికి పైగా చెడిపోయినవి కావు. సూదికి ఒక పక్క చదునుగా ఉంటుంది. దాన్ని తిరగేసి పెడితే కుట్టు పడదు, అంతే. తిప్పి పెట్టడానికి అరనిమిషం చాలు. కానీ అరనిమిషంలో చేసిచ్చేవాణ్ణి మెకానిక్ అని ఎవరంటారు? అందుకే కొట్లో ఉన్నన్నాళ్ళూ చక్రం ఒకసారి తిప్పి, చెవి ఆనించి విని, నుదురు ముడిచి, "పెట్టి వెళ్ళండి, మూడు రోజులు పడుతుంది" అనేవాణ్ణి. డాక్టరుకి కూడా అంత మర్యాద దక్కి ఉండదు.

ఇప్పుడో? నేను నుదురు ముడిచేలోపే కర్టెన్ వెనక నుంచి వినపడుతుంది.

"సూది తిరగేసి పెట్టారేమో చూడండి."

వచ్చినావిడ సూది తిప్పుకుని, "వస్తా వదినా" అని కర్టెన్‌కి చెప్పి, మిషన్ ఎత్తుకుని వెళ్ళిపోతుంది. ఈమధ్య మిషన్లు మోసుకురావడం కూడా మానేశారు. వీడియో కాల్ చేస్తున్నారు. మా ఆవిడ ఫోన్‌ని నీళ్ళ చెంబుకి ఆనించి, కూరగాయలు తరుగుతూనే వైద్యం చెప్పేస్తోంది.

మొన్న తెగించి అనేశాను. "నా గిరాకీ ముందు నువ్వు నోరెత్తితే బాగుండదు."

"నేనేమన్నానండీ? ఉన్నదేగా చెప్పాను."

"ఉన్నది చెప్పడానికి నేనున్నాను."

"మీరు మూడు రోజులైతే గాని చెప్పరుగా" అంది. సరే, ఇక పెదవి విప్పనని కూడా అంది.

ఆ మర్నాడే బడి యూనిఫాంలు కుట్టే ఆవిడ మిషన్ తెచ్చింది. తెల్లారేసరికి ఇరవై జతలు అందకపోతే ఆ బడి పని ఇంకొకరికి పోతుందట. చూద్దును కదా, ఈసారి నిజంగానే చెడిపోయింది. అడుగు దారాన్ని పట్టే షటిల్ అరిగిపోయింది. నాకు ప్రాణం లేచొచ్చింది. విప్పాను, కొత్త షటిల్ వేశాను, నూనె పోశాను, బిగించాను. కుట్టు పడలేదు. మళ్ళీ విప్పాను. పడలేదు. మూడోసారికి చొక్కా తడిసిపోయింది. ఆవిడ గడియారం వంక చూస్తోంది. కర్టెన్ మాత్రం కదల్లేదు. వంటింట్లో గరిటె చప్పుడు కూడా లేదు.

చివరికి లేచి, కర్టెన్ పక్కకి జరిపి, గొంతు తగ్గించి, "ఏమే, ఒకసారి చూస్తావా?" అన్నాను.

మా ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. చక్రం ఒకసారి తిప్పింది. చెవి ఆనించింది. నుదురు ముడిచింది.

"పెట్టి వెళ్ళండి" అంది నాతో. "మూడు రోజులు పడుతుంది."

యూనిఫాంలావిడ నవ్వి నవ్వి కుర్చీలోంచి జారబోయింది. ఆ తర్వాత సూది తిప్పడానికి మా ఆవిడకి అరనిమిషం కూడా పట్టలేదు. తిరగేసి పెట్టిందెవరని ఆవిడ అడగలేదు, ఈవిడ చెప్పలేదు. ఇద్దరూ కలిసి నావైపు చూశారు, అంతే.

కాబట్టి మళ్ళీ చెబుతున్నాను, ఇంట్లో వ్యాపారమంత సుఖం లేదు. మార్కెట్లో చిన్న గది ఏదైనా ఖాళీగా ఉంటే కబురు చేయండి. కిటికీ లేకపోయినా ఫర్వాలేదు, తలుపు మాత్రం చెక్కదై ఉండాలి. కాస్త తొందరగా చెప్పండి. అలాంటి గదే మా ఆవిడ కూడా వెతుకుతోంది.