ఒక కొత్త ఆత్మ కావలెను

ఆదివారం ఆరాధన ముగిశాక వేదిక మీద నుంచి వెలువడిన ప్రకటన ఏమనగా: వచ్చే వారం మన సంఘాలన్నిటికీ పైవారైన అధ్యక్షులవారు మన సంఘానికి దయచేస్తున్నారు. సంఘం ఫలిస్తున్నదా లేదా అన్నది స్వయంగా పరిశీలిస్తారు. కావున విశ్వాసులందరూ ఉతికిన బట్టలు కట్టుకుని, సకాలంలో ఫలించి రావలెను.

ఫలించడమంటే ఏమిటో ఆ సంఘంలో ఎవరికీ అనుమానం లేదు. ప్రేమ, సంతోషం, సమాధానం, దీర్ఘశాంతం వగైరా ఫలాలు మంచివే గానీ ఫొటోలో పడవు. ఫొటోలో పడే ఫలం కొత్త ఆత్మ ఒక్కటే. కొత్తగా గుమ్మం తొక్కిన మనిషిని లేపి నిలబెడతారు, సభంతా చప్పట్లు కొడుతుంది, గాయకబృందం స్వాగతగీతం పాడుతుంది, పాస్టరమ్మగారు స్వయంగా టీ అందిస్తారు. ఆ సాయంత్రమే ఆదరణ బృందం గిటారుతో సహా వాళ్ళింటికి వెళ్ళి ప్రార్థన చేసి వస్తుంది. పాతవాళ్ళకు ఈ శ్రమ పెట్టరు. వాళ్ళు ఎలాగూ దొరికినవాళ్ళే కదా.

అలా ఎప్పుడో దొరికిపోయినవాడు ఫ్యాన్ల మెకానిక్. ఆ మందిరంలో తిరిగే ప్రతి ఫ్యానూ ఆయన చేతి చలవే. నిచ్చెన ఎక్కినప్పుడు తప్ప ఎవరి కంటా పడడు. కింద ఉంటే స్తంభం వెనక కూర్చుంటాడు. అందువల్ల సంఘంలో చాలామందికి ఆయన పాదాలు పరిచయమే గానీ ముఖం తెలియదు. ఆయన భార్య స్నానాల గదిలో జారిపడి, తుంటి విరిగి, వానలు మొదలైనప్పటినుంచి మంచం మీదే ఉంది. ఆవిడకు ఒకటే కోరిక. సంఘం నుంచి ఎవరైనా వచ్చి, మంచం పక్కన కాసేపు కూర్చుని, ఒక పాట పాడి, ప్రార్థన చేసి వెళ్ళాలి. ఆ మాట మెకానిక్ ప్రతివారం పాస్టరుగారి చెవిన వేస్తూనే ఉన్నాడు.

"తప్పకుండా వస్తాం బ్రదర్. మీరు మనింటి మనుషులు, మీకు వేరే చెప్పాలా?" అని పాస్టరుగారు ప్రతివారం భుజం తట్టి పంపేవారు.

అదీ న్యాయమే. మనింటి మనుషుల్ని చూడ్డానికి మనింట్లోంచి ఎవరైనా బయల్దేరతారా? మెకానిక్ ఇంటికి వెళ్ళి "వస్తామన్నారు" అనేవాడు. ఆవిడ మంచం పక్క కుర్చీ మీద ఆరేసిన తువ్వాలు తీయించి, పొద్దుపోయేదాకా గుమ్మం వైపు చూసి, మళ్ళీ వేయించేది.

అధ్యక్షులవారి రాక సందర్భంగా సంఘ పెద్దలు మందిరంలో అత్యవసరంగా సమావేశమయ్యారు. సంఘంలో అన్నీ ఉన్నాయి, కొత్త ఆత్మే లేదని తేలింది. ఆ పెద్దల్లో అందరికన్నా పెద్దాయన బావమరిదిని వాడుకుందామంటే, అతన్ని ఇప్పటికే రెండుసార్లు రక్షించి ఉన్నారు. దిక్కుతోచక అందరూ పైకి చూసిన తరుణంలో నిచ్చెన మీద రెండు పాదాలు కనిపించాయి.

"ఎవరండీ మీరు? మన సంఘమేనా?" అని కేకేశారు పెద్దాయన.

"నా పెళ్ళి ఇక్కడే అయిందండీ," అంది పైనుంచి గొంతు.

పెద్దాయన సంతోషం పట్టలేకపోయారు. "చూశారా! నేనే గుర్తుపట్టలేదు. ఇక అధ్యక్షులవారెంత! కొత్త ఆత్మగా మీరే లేవాలి!"

దేవుడి మందిరంలో అబద్ధమా అని మెకానిక్ నసిగాడు. పెద్దాయన లేచి గొంతు సవరించుకున్నారు. "సోదరా! దేవుని ఎదుట మనమందరమూ ప్రతి ఉదయమూ కొత్తవారమే. కాబట్టి మీరు పాతవారని చెప్పుకోవడమే అబద్ధం. మీరు అబద్ధమాడరాదని ఈ కమిటీ ఏకగ్రీవంగా తీర్మానిస్తున్నది." పాస్టరుగారు ఆ సమయానికి కళ్ళు మూసుకుని ప్రార్థనలో ఉన్నారు.

మెకానిక్ నిచ్చెన ఒక మెట్టు దిగాడు. "కొత్తవాళ్ళింటికి ఆ సాయంత్రమే వస్తారు కదండీ?"

"ఆ సాయంత్రమే! రూలంటే రూలే."

"అయితే లేస్తానండీ."

అనుకున్నట్టే అధ్యక్షులవారి సమక్షంలో మెకానిక్ లేచి నిలబడ్డాడు. పాదాలు ఎవరైనా గుర్తుపడతారేమోనని కమిటీ ముందుజాగ్రత్తగా బూట్లు తొడిగించింది. చప్పట్లు మారుమోగాయి. ఎన్నో ఏళ్ళుగా ఆయన స్తంభానికి ముందు వరసలో కూర్చునే టీచరమ్మ ఆయన రెండు చేతులూ పట్టుకుని, "ఇన్నాళ్ళూ ఎక్కడున్నారండీ?" అంది. "మీ వెనకాలేనండీ," అన్నాడు. కొత్త ఆత్మకు హాస్యప్రియత్వం కూడా ఉన్నందుకు ఆవిడ ఎంతో మురిసిపోయింది. అధ్యక్షులవారు సంఘం విరగకాసిందని కొనియాడి, ఫొటో దిగి వెళ్ళారు.

సాయంత్రం ఆదరణ బృందం వచ్చింది. మంచం మీది మనిషి ప్రతి ఒక్కరినీ గుర్తుపట్టింది. ఆవిణ్ణి ఎవరూ గుర్తుపట్టలేదు. గిటారు పట్టుకున్న కుర్రాడు చిన్నప్పుడు ఆదివారపు బడిలో ఆవిడ ఒళ్ళో కూర్చుని పాటలు నేర్చుకున్నవాడే. "ఆంటీ, మీకు కొత్త కదా, మెల్లగా పాడతాం. మాతో కలపండి," అన్నాడు ఎంతో దయగా. ఆవిడ కలిపింది. రెండో చరణంలో వాడు మాట మరిచిపోతే అందించింది కూడా. ఇంత త్వరగా వెలుగు కలిగినందుకు బృందం దేవుణ్ణి స్తుతించింది. ఆవిడ కళ్ళు తుడుచుకుంటే, ఆత్మ పని చేస్తున్నదని ఒకరికొకరు సైగ చేసుకున్నారు. గుమ్మంలో నిలబడ్డ మెకానిక్‌కు మాత్రం సిగ్గూ దుఃఖమూ ఒక్కసారే వచ్చాయి.

వాళ్ళు వెళ్ళాక ఆవిడ కుర్చీ మీద తువ్వాలు మళ్ళీ వేయనివ్వలేదు. "మళ్ళీ ఎప్పుడొస్తారట?" అని అడిగింది.

"వచ్చే ఆదివారం మనకి సభ్యత్వం ఇచ్చేస్తారట."

"అయితే ఇంక రారన్నమాట," అంది. "ఏమండీ, సభ్యత్వం తీసుకోకండి. మళ్ళీ కొత్తగా లేవండి. నాకు బాగుందండీ," అంది.

మరుసటి ఆదివారం పాస్టరుగారు అలవాటుగా, "కొత్తగా వచ్చినవారు దయచేసి లేచి నిలబడండి," అన్నారు. కొత్తవాళ్ళెవరూ రారని తెలిసీ అడగడం ఆనవాయితీ. స్తంభం వెనక నుంచి మెకానిక్ లేచాడు.

"బ్రదర్, మీరు పోయినవారమే..." అని పాస్టరుగారు గొంతు తగ్గించారు.

"నేనెప్పుడో వచ్చానండీ. నా పెళ్ళి మీరే చేశారు. మా ఆవిడ మంచాన పడి ఉంది. కొత్తవాణ్ణైతేనే ఎవరైనా వస్తున్నారు. అందుకని లేచానండీ."

మందిరంలో ఫ్యాన్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. స్తంభం ముందు వరసలో టీచరమ్మ తన చేతులు చూసుకుంది. భర్త పోయినప్పుడు ఆవిడ ఇంటికి సంఘం పూలదండ పంపింది. ఆ తర్వాత ఎవరూ గడప తొక్కలేదు. ఆవిడ మెల్లగా లేచింది. ఉద్యోగం ఊడిన సంగతి ఎవరికీ చెప్పుకోలేక ప్రతివారం టై కట్టుకొస్తున్న గుమాస్తా లేచాడు. గేటు దగ్గర కూర్చునే ముసలాయన కర్ర పట్టుకుని లేచాడు. వరస వెనక వరస లేచింది. గాయకబృందం లేచింది. గిటారు కుర్రాడు లేచాడు. టీ కెటిల్ పట్టుకుని పాస్టరమ్మగారు వంటగది గుమ్మంలోకి వచ్చి, ఒక నిమిషం చూసి, కెటిల్ కింద పెట్టి, వాళ్ళ పక్కన నిలబడ్డారు. అది చూసి పాస్టరుగారు కూడా వేదిక దిగి వచ్చారు.

స్వాగతం చెప్పాలంటే ఎవరో ఒకరు పాతవాళ్ళు ఉండాలి. ఎవరైనా కూర్చుంటారేమోనని అందరూ చుట్టూ చూశారు. ఎవరూ కూర్చోలేదు.